చెరువులోకి వచ్చేదేమిటో అడగండి



ఎండలు ముదిరే వేళకు కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: కాలువలు ఎప్పుడు కట్టేస్తారు? రబీ పంట ఇంటికొచ్చాక, మరమ్మతుల కోసం కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా ఊరికి మంచినీళ్ళ చెరువే దిక్కు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. కాబట్టి కాలువ కట్టేయకముందే చెరువు నిండా నీళ్ళు పెట్టుకుని, ఆ నీటితోనే ఎండాకాలం గడుపుతారు. ఆ చెరువు పాడైందంటే ఉన్నవాళ్ళు 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. కొనలేనివాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ చెరువుల గురించి, వాటిని నింపే కాలువల గురించి, ఆ కాలువలకు నీళ్ళిచ్చే నదుల గురించి. అవి పాడవుతున్నాయని రోజూ కళ్ళారా చూస్తున్న మనం పంచాయతీని, మునిసిపాలిటీని, ప్రభుత్వాన్ని ఏమని అడగాలి, ఎలా అడగాలి అన్నది నా ముఖ్య విషయం.

అడగడం మనకు కొత్తేమీ కాదు. ఏ పత్రికలో జిల్లా పేజీ తీసినా చెరువు మీద ఒక వార్త కనిపిస్తుంది. చెరువు శుభ్రం చేయాలని గ్రామస్థులు సర్పంచికి అర్జీ ఇచ్చారనో, గుర్రపుడెక్క తీయించాలని ధర్నా చేశారనో రాస్తారు. ఆ అర్జీలకు ఒక్కోసారి ఫలితమూ వస్తుంది. జేసీబీ వస్తుంది, డెక్కంతా తీసి గట్టున పోస్తుంది, నీళ్ళు తేటగా కనిపిస్తాయి, అందరూ సంతోషిస్తారు. వర్షాకాలం వెళ్ళేసరికి డెక్క మళ్ళీ చెరువంతా కమ్ముకుంటుంది. అప్పుడు మళ్ళీ అర్జీ, మళ్ళీ జేసీబీ. ఖర్చు ఏటా పంచాయతీదే, అంటే మనదే.

ఎందుకిలా అవుతుందో చూద్దాం. గుర్రపుడెక్క బతకడానికి ఎరువు కావాలి. నత్రజని, భాస్వరం కావాలి. చేలో యూరియా వేస్తే పైరు ఎలా లేస్తుందో, మన ఇళ్ళ మురుగు చేరిన చెరువులో డెక్క అలా లేస్తుంది. స్నానాల గదుల నుంచి, మరుగుదొడ్ల నుంచి, బట్టలుతికిన సబ్బునీళ్ళ నుంచి, పశువుల కొట్టాల నుంచి ఆ ఎరువు రోజూ చెరువులోకి దిగుతూనే ఉంది. మురుగు రావడం ఆపకుండా డెక్క ఒక్కటే తీయడమంటే, పుండుకు మందు వేయకుండా దాని మీద ఈగల్ని తోలుతూ కూర్చోవడమే.

డెక్క కంటే ప్రమాదకరమైంది పైకి కనపడనిది. మురుగు నీళ్ళలో ఉన్న మలినాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి. ఆ వాడకాన్ని కొలిచే లెక్కనే బీవోడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మామూలు ఇళ్ళ మురుగులో అది 200 నుంచి 300 దాకా ఉంటుంది. అంటే ఒక లీటరు మురుగు స్నానానికి పనికొచ్చేంత పలచబడాలంటే, ఏ మలినమూ లేని నీళ్ళు ఇంచుమించు వంద లీటర్లు కలపాలి. ఎండాకాలంలో సగానికి తగ్గిన చెరువులో అన్ని నీళ్ళెక్కడివి?

తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్ళు పైకి పెట్టి తేలడం మీరు చూసే ఉంటారు. పగలు నాచు ఎండను పట్టుకుని నీటిలోకి ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి ఆ నాచూ, చేపలూ, సూక్ష్మజీవులూ అన్నీ ఉన్న కాస్త వాయువునూ వాడేసుకుంటాయి. తెల్లారేసరికి అది అడుగంటుతుంది. అందుకే చేపలు చచ్చి తేలేది ఎక్కువగా ఉదయం పూటే. అలా జరిగిన ప్రతిసారీ ఎవరో విషం కలిపారని ఊళ్ళో అనుమానాలు పుడతాయి, గొడవలవుతాయి. చాలాసార్లు ఆ విషం మనందరి ఇళ్ళ నుంచీ కొంచెం కొంచెంగా వెళ్ళిన మురుగే.

అందుకే నేను చెప్పదలచుకున్న మాట ఇది. చెరువును బాగుచేయమని అడిగితే సరిపోదు. చెరువులోకి వచ్చేదాన్ని ఆపమని అడగాలి.

ఈ రెండు కోరికలకూ చాలా తేడా ఉంది. మొదటిది అడిగితే గట్టు మీద సిమెంటు బాట వస్తుంది, ఇనుప కంచె వస్తుంది, రంగు దీపాలు, కూర్చోవడానికి బల్లలు వస్తాయి. వాటిని నేను కాదనను. సాయంత్రం పిల్లలతో నాలుగడుగులు వేయడానికి చోటు కావాలి. కానీ కంచె వేసిన చెరువులోకి కంచె కింద నుంచే డ్రైను పారుతుంటే ఆ డబ్బంతా వృథా. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌ను చూడండి. 1562లో కట్టిన చెరువు. ఒకప్పుడు ఊరికి తాగునీరిచ్చింది. తర్వాత కూకట్‌పల్లి నాలా, మరికొన్ని నాలాలు ఊరి మురుగునూ, పారిశ్రామికవాడల వ్యర్థాలనూ తెచ్చి దానిలో పోశాయి. చుట్టూ ఉద్యానవనాలు, నడుమ బుద్ధ విగ్రహం, రాత్రిళ్ళు దీపాలు ఎంత అందంగా ఉన్నా ఎండాకాలంలో గట్టు మీద ముక్కు మూసుకునే నడవాల్సి వచ్చింది. 2006 తర్వాత జపాన్ రుణంతో చేపట్టిన పనుల్లో నాలాల నీటిని దారి మళ్ళించడం, నాలాలు కలిసే చోట పేరుకున్న బురద తీయడం ప్రధానమయ్యాయి. ఆ చెరువుకు వైద్యం నాలాల దగ్గరే మొదలుపెట్టాలని అంత పెద్ద నగరమూ గుర్తించాల్సి వచ్చింది. మన ఊరి చెరువుకూ అదే లెక్క.

బెంగళూరులో జక్కూరు చెరువు దీనికి మంచి ఉదాహరణ. అక్కడ మురుగును శుద్ధి కేంద్రంలో శుభ్రపరిచి, ఆ నీటిని జమ్ము, గడ్డి పెరిగిన చిత్తడి నేల గుండా పారించి, ఆ తర్వాతే చెరువులోకి వదులుతారు. మిగిలిన నత్రజనిని, భాస్వరాన్ని ఆ మొక్కలు చాలావరకు పీల్చుకుంటాయి. పల్లెల్లో ఇది ఇంకా తేలిక. చెరువులో డ్రైను కలిసే చోట కొంత స్థలం వదిలి, నీళ్ళు నిలిచి తేరుకునే గుంట ఒకటి, ఆ పక్కన జమ్ము, కలువ లాంటివి పెరిగే మడి ఒకటి పెడితే చాలావరకు పని అవుతుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తాగునీటి చెరువుకు ఇదీ చాలదు. దానిలోకి డ్రైను అసలు రానే కూడదు.

ఇక రెండో చిక్కు దగ్గరికి వద్దాం. మన చెరువును పాడుచేసేది ఒక్కోసారి మన ఊరు కాదు, ఎగువ ఊరు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం నడిబొడ్డు నుంచే వెళతాయి. గట్ల వెంట ఉన్న ఇళ్ళ మురుగు, మార్కెట్ల చెత్త, ప్లాస్టిక్ సంచులు అన్నీ ఆ కాలువల్లో పడతాయి. దిగువన ఊళ్ళు తమ చెరువులు నింపుకునేది ఆ నీళ్ళతోనే. గోదావరి వైపూ ఇదే కథ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన ధవళేశ్వరం దగ్గరి నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్ళు వెళతాయి. దానికి కాస్త పైనే రాజమహేంద్రవరం నల్లా ఛానల్ లాంటి మురుగు కాలువలు గోదావరిలో కలుస్తున్నాయి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకు ఎంత ఖర్చు పెడుతున్నారో, ఆ మురుగు కాలువలను నదిలో కలవకుండా చేయడానికి ఎంత పెడుతున్నారో రాజమహేంద్రవరం పౌరులు ఇప్పటి నుంచే అడగాలి. పుష్కర స్నానం చేసే లక్షలమంది కోసమే కాదు, ఆ నీళ్ళు ఏడాది పొడుగునా తాగే డెల్టా వాళ్ళ కోసం.

మూసీని తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం దాటిన తర్వాత కత్వల దగ్గర నురగలు కక్కుతూ దూకే ఆ నీటితోనే భువనగిరి, వలిగొండ వైపు రైతులు వరి, గడ్డి పండిస్తారు. వాళ్ళ గోడు నగరపాలక సంస్థకు చేరడం కష్టం, ఎందుకంటే అక్కడ వాళ్ళకు ఓటు లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022లో దేశంలోని 279 నదుల్లో 311 భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. వాటిలో చాలావాటిది ఇదే బాధ. పాడుచేసే ఊరు ఒకటి, పడే ఊరు ఇంకొకటి.

ఇలాంటి చోట ఒక్క పంచాయతీ ఒంటరిగా అడిగితే వినరు. ఒకే కాలువ నీళ్ళు తాగే ఊళ్ళన్నీ కలవాలి. ప్రతి ఊరి గ్రామసభలో ఒకే రకం తీర్మానం చేసి, అన్నీ కలిపి జిల్లా కలెక్టరు గారికి ఇవ్వాలి. ప్రతి సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. ఒక మనిషి తెచ్చిన కాగితానికీ, పదిమంది సర్పంచుల సంతకాలున్న తీర్మానాలకూ అక్కడ దొరికే మర్యాద ఒకటి కాదు.

అర్జీ ఎవరికి రాయాలన్నదీ తెలిసి ఉండాలి. ఎందుకంటే మన నీళ్ళకు యజమానులు చాలామంది. ఊరి చెరువు పంచాయతీది. దానికి నీళ్ళు తెచ్చే కాలువ జలవనరుల శాఖది. ఊరి వెనక మురుగు డ్రైను అదే శాఖలోని డ్రైనేజీ విభాగానిది. ఫిల్టరు బెడ్లు, కుళాయిలు గ్రామీణ నీటి సరఫరా విభాగానివి. ఫ్యాక్టరీ ఉంటే కాలుష్య నియంత్రణ మండలి. ఒకరి దగ్గరికి వెళితే ఇది మాది కాదని ఇంకొకరిని చూపిస్తారు. పెద్దవాళ్ళు, పనులు మానుకుని వచ్చిన ఆడవాళ్ళు ఆ తిరుగుడుకే విసిగి ఊరుకుంటారు. అందుకని ఒకే అర్జీ రాసి, సంబంధించిన వాళ్ళందరి పేర్లూ పైన పెట్టి, అందరికీ ప్రతులు ఇచ్చి, ప్రతి చోటా రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఆ అర్జీలో ఏం రాయాలి? చెరువు కలుషితమైందని మాత్రమే రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక ఉదయం నలుగురు కలిసి చెరువు చుట్టూ తిరగండి. ఎన్ని చోట్ల నీళ్ళు లోపలికి వస్తున్నాయో చూడండి. ఏ వీధి డ్రైను ఎక్కడ కలుస్తోంది, ఎవరి కొట్టం కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయి, సెప్టిక్ ట్యాంకు లారీ రాత్రిపూట ఎక్కడ ఖాళీ చేస్తోంది, కాలువ నుంచి చెరువుకు వచ్చే తూము దగ్గర ఏం తేలుతోంది, అన్నీ చూసి రాసుకోండి. తేదీ వేసి ఫొటో తీయండి. అప్పుడు అర్జీలో మీ కోరిక ఇలా ఉంటుంది: ఫలానా వీధి డ్రైను చెరువులో కలవకుండా ఫలానా వైపు మళ్ళించాలి, ఫలానా చోట ఇంకుడు గుంటలు తవ్వాలి, ఎన్ని రోజుల్లో చేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ఇలా అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఏ పనీ చేయకుండా, చర్యలు తీసుకుంటున్నామని ఒక్క ముక్కలో తోసిపుచ్చడం కుదరదు.

ఆ తిరగడంలో మన ఇళ్ళ గొట్టాలూ కనిపిస్తాయి. అది ఇబ్బందిగానే ఉంటుంది. కాలువ గట్టున ఉన్న మరుగుదొడ్డి గొట్టం నేరుగా కాలువలోకే పెట్టినవాళ్ళు మన బంధువులే కావచ్చు. మొహమాటపడి వాళ్ళ సంగతి వదిలేసి మిగతావాటి మీదే అర్జీ రాస్తే, ఎదుటివాళ్ళు మొదట చూపించేది దాన్నే. ఇంటి మురుగును ఇంటి దగ్గరే ఇంకించుకునే గుంటకు పంచాయతీ సాయం చేయాలని అడగడం, గొట్టం మార్చుకోమని మన వాళ్ళకు నచ్చజెప్పడం, రెండూ ఒకేసారి జరగాలి.

నీటి పరీక్ష గురించీ చెప్పాలి. జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్ళో అయిదుగురు మహిళలకు నీటిని పరీక్షించడం నేర్పి, కిట్లు ఇవ్వాలని ఉంది. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో అడగండి. దానిలో ఒక చిన్న సీసా ఉంటుంది. దాన్ని నీటితో నింపి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్ళయితే నల్లబడుతుంది. చదువు రానివాళ్ళకు కూడా ఆ నలుపు అర్థమవుతుంది. గ్రామసభలో బల్ల మీద పెడితే ఎవరూ కాదనలేరు. అలాగే కుళాయి చివరి ఇంట్లో నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. చెరువు నీటిలో మురుగు ఎక్కువైతే ఎంత బ్లీచింగు పౌడరు వేసినా ఆ మలినమే దాన్ని తినేస్తుంది, చివరి ఇంటికి ఏమీ మిగలదు. అందుకే బ్లీచింగు వేశామన్న మాటతో తృప్తిపడకండి.

ఫ్యాక్టరీ వ్యర్థాల విషయంలో మాత్రం మీరు సీసాలో పట్టిన నీళ్ళు కోర్టులో సాక్ష్యంగా నిలబడటం కష్టం. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనాను కాలుష్య నియంత్రణ మండలి అధికారే తీయాలి, యజమానికి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేయాలి. కాబట్టి వచ్చి నమూనా తీయమని మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని రాతపూర్వకంగా కోరండి. ఆ చట్టంలోనే 49వ సెక్షన్ ఉంది. మండలికి 60 రోజుల ముందు నోటీసిచ్చి ఏ పౌరుడైనా నేరుగా కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు.

తరచూ వినపడే ఇంకో మాట: పంచాయతీ దగ్గర డబ్బుల్లేవు. దీనికి మన దేశంలో చాలా ఏళ్ళ కిందటే జవాబు దొరికింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అని ఒక పట్టణం. అక్కడ ఒక వీధివాళ్ళు, ఇళ్ళ ముందు పారే మురుగూ, సమీపంలోని ఆల్కహాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చే వ్యర్థాలూ భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. కాలువలు కట్టమని ఆయన మునిసిపాలిటీని ఆదేశించారు. మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. డబ్బు లేదన్నది దాని ప్రధాన వాదన. ఆ వీధి ఎలా ఉంటుందో తెలిసే వాళ్ళక్కడ ఇళ్ళు కట్టుకున్నారు కదా అని కూడా వాదించింది. 1980 జులై 29న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ రెండు వాదనలనూ కొట్టేశారు. జనం ఆరోగ్యాన్ని కాపాడటం మునిసిపాలిటీ చట్టబద్ధమైన విధి, దానికి ఖజానా ఖాళీ అన్నది సాకు కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. గడువు పెట్టి మరీ పనులు చేయించమన్నారు.

ఆ మేజిస్ట్రేటు వాడిన అధికారం అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షన్. మన ఆర్డీవో గారు సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు కూడా. ప్రజలకు హాని చేసే మురుగును తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. పెద్ద లాయర్లు, పెద్ద కోర్టులు లేకుండానే తలుపు తట్టే దారి ఇది.

డబ్బుల సంగతికే మళ్ళీ వస్తాను. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పల్లెల స్థానిక సంస్థలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని ఇతర పనులకు మళ్ళించకూడదని కట్టడి చేసింది. దానిలో సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు, వాడిన నీటిని మళ్ళీ వాడుకునేలా చేయడానికి. మీ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. సర్పంచిని దొంగగా చూపడానికి ఈ కాగితం అడగమని నేను అనడం లేదు. చాలా ఊళ్ళలో సర్పంచులే నిధులు రాక, వచ్చినవి తమ చేతిలో లేక కుమిలిపోతున్నారు. లెక్క ఊరందరికీ తెలిస్తే ఆయన కూడా పై అధికారుల ముందు ధైర్యంగా నిలబడగలరు.

జీవనాధారం మాటను దాటవేసి ఈ విషయం మాట్లాడటం న్యాయం కాదు. చెరువును చేపలకు వేలం వేస్తే పంచాయతీకి ఆదాయం. పాడుకున్నవాడు చేపలు త్వరగా పెరగాలని కోళ్ళ పెంట, మేత వేస్తాడు. రొయ్యల చెరువుల నీళ్ళు డ్రైనులోకి, ఒక్కోసారి పంట కాలువలోకే వదులుతారు. ఇవన్నీ వందల కుటుంబాల బతుకులు. అయినా నా అభిప్రాయం స్పష్టం. తాగే చెరువును చేపలకు వేలం వేయకూడదు. ఊళ్ళో వేరే చెరువు ఉంటే దాన్ని వేయండి. రొయ్యల రైతు నీటిని వదిలే ముందు తన పొలంలోనే ఒక గుంటలో నిలిపి తేర్చి వదలాలి. దానివల్ల అతనికి కొంత నేల పోతుంది, నిజమే. కానీ ఆ కాలువ నీళ్ళే రేపు పక్క రైతు చెరువులోకి రోగాన్ని కూడా మోసుకెళతాయి. రొయ్యకు తెల్లమచ్చల రోగం అలా వ్యాపించిన సంగతి ఆక్వా రైతులకు నేను చెప్పనక్కర్లేదు.

భీమవరం దగ్గర తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి ఊళ్ళవాళ్ళు ఆక్వా ఫుడ్‌పార్కు విషయంలో చేసిన పోరాటం మనం గుర్తుంచుకోవాలి. దాని వ్యర్థ జలాలు గొంతేరు కాలువలో కలిస్తే తమ పంటలు, తాగునీళ్ళు ఏమవుతాయని వాళ్ళు ఫ్యాక్టరీ నడవకముందే అడిగారు. ఊళ్ళలో 144వ సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు. చివరికి ఆ నీళ్ళను పైపులైనుతో సముద్రానికి తరలిస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మరి సముద్రం పాడైతే మా గతేమిటని దాని మీద బతికే మత్స్యకారులు అడిగితే ఆ ప్రశ్న కూడా అంతే న్యాయమైంది. నేను చూపదలచుకున్నది వాళ్ళు అడిగిన సమయాన్ని. పాడయ్యాక అడిగితే తరాలు పడుతుంది. ముందే అడిగితే అడ్డుకోవచ్చు. హైదరాబాదు తాగునీటి జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపు నూనె ఫ్యాక్టరీ పెట్టబోయిన కేసులో సుప్రీంకోర్టు 1999లో ముందుజాగ్రత్త సూత్రాన్నే చెప్పింది. హాని జరగదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడే, హాని జరుగుతుందని నిరూపించాల్సింది జనం కాదు.

పాడయ్యాక ఏమవుతుందో హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు పారిశ్రామికవాడ చెబుతుంది. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఆ వాగు వెంట, చెరువుల వెంట పల్లెల నీళ్ళు, నేల ఫ్యాక్టరీల రసాయనాలతో పాడయ్యాయి. అక్కడ వైద్యం చేస్తూ ఆ రోగాలను కళ్ళారా చూసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు జనాన్ని కూడగట్టి జీవితాంతం పోరాడారు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు దాఖలైంది. అది హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళి, 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్ళు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. శుద్ధి చేసి వదిలిన నీటి సంగతి అది. ఆ నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవులు మందులకు లొంగని మొండివిగా మారతాయి. రేపు మన పిల్లలకు జ్వరమొస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. ఆ ఊళ్ళ రైతులు వీధిలోకి రాకపోతే, ఆ డాక్టరు గారు పట్టు విడిచి ఉంటే, ఇంత సంగతి బయటికి వచ్చేదే కాదు.

అందుకని శ్రోతలందరికీ నా విన్నపం. 1993 ఏప్రిల్ 24న రాజ్యాంగానికి 73వ సవరణ అమల్లోకి వచ్చింది. తాగునీరు, పారిశుధ్యం, చిన్నతరహా నీటి వనరులు పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 24న, ఇంకా ఏడాదిలో మరికొన్ని రోజుల్లో గ్రామసభలు పెడతారు. చాలా ఊళ్ళలో సంతకాలతోనే అయిపోతాయి. ఈసారి మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడో ముందే కనుక్కోండి. చెరువులోకి వచ్చే డ్రైన్లన్నీ రాసిన కాగితం పట్టుకుని వెళ్ళండి. ఇంట్లో ఆడవాళ్ళను తీసుకెళ్ళండి, బిందె మోసేది వాళ్ళే కాబట్టి ముందు వాళ్ళనే మాట్లాడనివ్వండి. తీర్మానం పుస్తకంలో మీ కోరిక గడువుతో సహా రాయించి, చదివి వినిపించమని అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. పట్నంలో ఉన్నవాళ్ళు వార్డు కౌన్సిలరుతో, కార్పొరేటరుతో ఇదే పని చేయండి. వచ్చే ఏడాది కాలువలు కట్టేయకముందే, మీ చెరువులో కలిసే ఒక్క డ్రైనునైనా మళ్ళించేలా చూడండి.